ఇంగ్లీష్‌లో వెదర్ గురించి మాట్లాడమంటే రెండో మాటకే ఆగిపోతున్నాను, ఎలా?

తొలిచినుకు | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. కొత్త టీమ్‌లో చేరి నాలుగు నెలలైంది. పని గురించైతే ఇంగ్లీష్‌లో గంటసేపు మాట్లాడమన్నా మాట్లాడతాను. కానీ ప్రతి మంగళవారం కాల్‌లో మిగతావాళ్ళు చేరేలోపు ఒక రెండు మూడు నిమిషాలు ఖాళీ ఉంటుంది చూడండి, అదంటేనే నాకు టెన్షన్. ఇంగ్లండ్ నుంచి మాట్లాడే పెద్దాయన ఒకరు అందరికంటే ముందే వచ్చి కూర్చుంటారు. "మార్నింగ్! బిట్ చిల్లీ టుడే, ఇజంట్ ఇట్?" అంటారు. నేను "యెస్" అంటాను. ఇక అక్కడితో అయిపోతుంది, ఇద్దరం స్క్రీన్ వైపు చూస్తూ కూర్చుంటాం.

పోయిన వారం "హౌ ఈజ్ ది వెదర్ అట్ యువర్ ఎండ్?" అని అడిగారు. "క్లైమేట్ ఈజ్ గుడ్ సర్" అన్నాను. ఒక్క క్షణం ఆగి "ఓ, లవ్లీ" అన్నారు. మళ్ళీ నిశ్శబ్దం. ఆయన మంచివారు, మాట కలపాలని చూస్తున్నారు, అది అందుకోవడం నాకు రావట్లేదు. నాకు కావలసింది వెదర్ పదాల పట్టిక కాదు, అవి నెట్‌లో బోలెడున్నాయి. మాట ఎలా సాగించాలో చెప్పండి.

వేకువపిట్ట | సోమవారం, రాత్రి 9:47

మీకు ఒక చిన్న విషయం తెలిస్తే సగం బరువు దిగిపోతుంది. "బిట్ చిల్లీ, ఇజంట్ ఇట్?" అనేది ప్రశ్న కాదు. చలిగా ఉందో లేదో ఆయనకి తెలుసు. "మనం కాసేపు మాట్లాడుకుందామా?" అని అడుగుతున్నారంతే. ఇది ఇవాళ్టి అలవాటు కూడా కాదు. 1758లోనే శామ్యూల్ జాన్సన్ ఒక వ్యాసంలో రాశాడు, ఇద్దరు ఇంగ్లీష్ వాళ్ళు కలిస్తే ముందు మాట్లాడేది వాతావరణం గురించేనని, ఇద్దరికీ ముందే తెలిసిన సంగతినే ఒకరికొకరు తొందర తొందరగా చెప్పుకుంటారని.

అందుకని ఒట్టి "యెస్" చాలదు. తలుపు కొట్టినవాళ్ళకి లోపల్నుంచి "ఆఁ" అని పలికి తలుపు తీయకుండా ఉన్నట్టుంటుంది. ముందు ఆయన మాటతో కలవండి, దానికి మీ దగ్గర్నుంచి ఒక చిన్న సంగతి జోడించండి, తర్వాత మాట ఆయన చేతికి ఇచ్చేయండి. ఇలా:

"ఇట్ రియల్లీ ఈజ్. ఐ హాడ్ టు గో బ్యాక్ ఇన్ ఫర్ ఎ స్వెటర్ దిస్ మార్నింగ్. హాజ్ ఇట్ బీన్ లైక్ దిస్ ఆల్ వీక్ ఓవర్ దేర్?"

ఇందులో అందరికంటే ఎక్కువ పని చేసేది మధ్యలో ఉన్న స్వెటర్. వాతావరణం ఇద్దరికీ సమానమే, స్వెటర్ కోసం వెనక్కి వెళ్ళడం మాత్రం మీ ఒక్కరిదే. అవతలివాళ్ళు పట్టుకునేది దాన్నే.

సూటిదారి | సోమవారం, రాత్రి 10:05

నేనైతే వేరేలా ఆలోచిస్తాను. ఇద్దరికీ తెలిసిన సంగతే మళ్ళీ చెప్పుకోవడం ఎందుకు? ఆ మూడు నిమిషాల్లో పని మాట్లాడుకుంటే మీటింగ్ త్వరగా అయిపోతుంది. మన భాష కాని భాషలో లేని ఆసక్తి చూపించమనడం నాకు నచ్చదు, మనసులో లేనిది మాట్లాడినట్టు అనిపిస్తుంది.

పాతఓడ | సోమవారం, రాత్రి 10:58

సూటిదారి గారూ, పదిహేనేళ్ళ క్రితం నేనూ అచ్చం ఇలాగే అనుకునేవాడిని. అప్పుడు జరిగింది చెబుతాను. ఒక క్లయింట్‌తో మొదటి కాల్. అవతల ఆవిడ "వాట్ ఎ మార్నింగ్, ఇట్ హాజంట్ స్టాప్డ్ పోరింగ్ హియర్" అంది. "ఓకే, షల్ వి స్టార్ట్?" అన్నాను. కాల్ బాగానే జరిగింది, నేను అడిగినవాటికన్నిటికీ జవాబిచ్చింది. మా మేనేజర్ మాత్రం తర్వాత పక్కకి పిలిచి, ఆవిడ రెండు గంటలు వానలో డ్రైవ్ చేసుకుని వచ్చి ఆ కాల్‌లో కూర్చుందని చెప్పాడు. ఆ సంగతి చెప్పుకోవడానికి ఆవిడకి నేను సందివ్వలేదు. వాన గురించి ఒక్క మాట అడిగి ఉంటే డ్రైవ్ గురించి చెప్పేది. ఆ తర్వాత మూడు నెలలు మా మధ్య నడిచినవన్నీ పొడిపొడి మెయిల్సే.

లేని ఆసక్తి చూపించమని ఎవరూ అనడం లేదండీ. ఎదుటి మనిషి రోజు ఎలా మొదలైందో తెలుసుకోవడానికి ఇంతకంటే తేలికైన మార్గం లేదు. ఇంటి విషయాలు అడగలేం, జీతం, ఆరోగ్యం అసలే అడగలేం. వాన గురించి మాత్రం ఎవరినైనా అడగొచ్చు.

మబ్బుచాటు | మంగళవారం, ఉదయం 6:30

"క్లైమేట్ ఈజ్ గుడ్" దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఇది మనలో చాలామంది చేసే పొరపాటు. తెలుగులో వాతావరణం అనే మాటని రెండింటికీ వాడేస్తాం. ఇంగ్లీష్‌లో ఇవాళ ఎండగా ఉందా, వానగా ఉందా అన్నది వెదర్. ఒక ప్రాంతంలో ఏళ్ళ తరబడి ఎలా ఉంటూ వస్తోందన్నది క్లైమేట్. దాన్ని లెక్కకట్టడానికి శాస్త్రవేత్తలు మామూలుగా 30 ఏళ్ళ సగటు తీసుకుంటారు. అందుకే "టుడే క్లైమేట్ ఈజ్ గుడ్" అంటే అవతలివాళ్ళు ఒక క్షణం ఆగుతారు. మీ పెద్దాయన ఆగింది అందుకే, మీమీద చులకనతో కాదు.

ఇంకొకటి. "వాట్ ఎ లవ్లీ వెదర్" అనకండి. వెదర్‌ని లెక్కపెట్టలేం కాబట్టి ముందు "ఎ" రాదు. "వాట్ లవ్లీ వెదర్" అనాలి, లేదా "వాట్ ఎ లవ్లీ డే". డే ముందు "ఎ" వస్తుంది, వెదర్ ముందు రాదు. "వాట్ ఎ లవ్లీ డే" అన్నది నోటికి అలవాటు చేసుకుంటే ఇక తడబాటే ఉండదు.

నీటిగడియారం | మంగళవారం, ఉదయం 7:15

మబ్బుచాటు గారు చెప్పినదానికి కొనసాగింపుగా. తెలుగులో వాన వస్తుంది, పడుతుంది, కురుస్తుంది, వెలుస్తుంది. పని చేసేది వానే. ఆ అలవాటుతోనే "రెయిన్ ఈజ్ కమింగ్" అనేస్తాం. ఇంగ్లీష్‌లో కురుస్తున్న వానని అలా చెప్పరు, "ఇట్స్ రెయినింగ్" అంటారు. ఆ "ఇట్" ఏమిటని మా అబ్బాయి అడిగితే చాలాసేపు ఆలోచించాను. అది దేన్నీ సూచించదు. ఇంగ్లీష్ వాక్యానికి కర్త ఉండి తీరాలి కాబట్టి ఆ ఖాళీలో కూర్చోబెట్టిన మాట అది. ఇట్స్ సన్నీ, ఇట్స్ విండీ, ఇట్స్ గెటింగ్ డార్క్, అన్నిట్లోనూ అదే.

పొద్దున్నుంచి కురుస్తుంటే "ఇట్ ఈజ్ రెయినింగ్ సిన్స్ మార్నింగ్" కాదు, "ఇట్స్ బీన్ రెయినింగ్ సిన్స్ దిస్ మార్నింగ్". పెద్ద వాన "బిగ్ రెయిన్" కాదు, "హెవీ రెయిన్". గాలికొచ్చేసరికి హెవీ పోయి "స్ట్రాంగ్ విండ్" అవుతుంది. ఎందుకంటే చెప్పడానికి కారణమేమీ లేదు, ఏ మాట పక్కన ఏ మాట కుదురుతుందో చెవికి పడితేనే వస్తుంది.

తాబేలునడక | మంగళవారం, ఉదయం 8:02

నాకు జరిగింది కూడా చెబుతాను. చలిగా ఉందని చెప్పబోయి "ఐ హావ్ కోల్డ్" అన్నాను. అవతలామె "ఓ నో, ఆర్ యూ టేకింగ్ ఎనీథింగ్ ఫర్ ఇట్?" అని కంగారుగా అడిగింది. ఆమె నాకు జలుబు చేసిందనుకుంది. చలేస్తుంటే "ఐ యామ్ కోల్డ్", జలుబు చేస్తే "ఐ హావ్ ఎ కోల్డ్". అలాగే "ఐ యామ్ ఫీలింగ్ అండర్ ది వెదర్" అంటే ఒంట్లో బాగోలేదని, వాతావరణానికి దానికీ సంబంధం లేదు. ఎవరైనా అలా అంటే వాన గురించి మాట్లాడకండి, "సారీ టు హియర్ దట్, హోప్ యూ ఫీల్ బెటర్ సూన్" అనండి.

సాయంవేళ | మంగళవారం, మధ్యాహ్నం 1:20

నాకు ఈ విషయంలో చాలా ఇష్టమైన మాట మంచు. తెలుగులో ఆ ఒక్క మాటతో ఎన్ని చెబుతామో చూడండి. తెల్లారి గడ్డిమీద నిలిచే నీటిబొట్లు మంచే, ఎదురుగా దారి కనపడనివ్వని తెర మంచే, ఆకాశం నుంచి దూదిలా రాలేదీ మంచే. ఇంగ్లీష్‌లో గడ్డిమీది బొట్లు డ్యూ. గడ్డిమీద తెల్లగా పొడిలా గడ్డకట్టి కనిపించేది ఫ్రాస్ట్. రాలేది స్నో, వానతో కలిసి సగం కరిగి పడితే స్లీట్. రోడ్డుమీద నీళ్ళు గట్టిపడితే ఐస్. కమ్మేసేది పల్చగా ఉంటే మిస్ట్, చిక్కగా ఉంటే ఫాగ్. ఈ రెంటికీ వాతావరణ శాఖలకి లెక్క కూడా ఉంది, చూపు ఒక కిలోమీటరు లోపు ఆగిపోతే అది ఫాగ్.

కాబట్టి "దేర్ వాజ్ హెవీ స్నో దిస్ మార్నింగ్, ఐ కుడంట్ సీ ది రోడ్" అని చెబితే, మీరు చూసింది పొగమంచైతే అవతలివాళ్ళ మనసులో వేరే దృశ్యం వస్తుంది. పారలు పట్టుకుని దారి తవ్వుకుంటున్న జనం కనిపిస్తారు.

ఇటు నుంచి అటు కూడా అంతే. ముసురు అనే మాటకి ఇంగ్లీష్‌లో ఒక్క మాట దొరకదు నాకు. డ్రిజిల్ అంటే తుంపర మాత్రమే, రోజుల తరబడి ఆకాశం మూసుకుపోయి ఉండటం అందులో లేదు. "గ్రే అండ్ డ్రిజ్లీ ఫర్ డేస్" అని విడమరిచి చెప్పాల్సిందే. ఉక్కపోతకి మాత్రం మంచి మాట ఉంది, మగ్గీ. "ఇట్స్ సో మగ్గీ" అంటే ఒంటికి అతుక్కునే ఆ వేడి అంతా వచ్చేస్తుంది. హ్యూమిడ్ కూడా తప్పు కాదు, కానీ కబుర్లలో మగ్గీ, స్టికీ దగ్గరి మాటలు.

తొలిచినుకు | మంగళవారం, రాత్రి 8:40

ఇవాళ్టి కాల్‌లో ప్రయత్నించాను! ఆయన "టర్న్డ్ అవుట్ నైస్ టుడే" అన్నారు. "ఇట్ హాజ్, హాజంట్ ఇట్?" అన్నాను. ఆయన నవ్వారు. తర్వాత "ట్వెంటీ ఎయిట్ బై ఫ్రైడే, దే సే. వియ్ విల్ బి బాయిలింగ్!" అన్నారు. నేను "సర్, 28 ఈజ్ నథింగ్, వి గెట్ 42" అన్నాను. "గుడ్‌నెస్" అన్నారు. మళ్ళీ మాట ఆగిపోయింది. ఇది ఎందుకు ఆగిందో అర్థం కాలేదు. నేను చెప్పింది నిజమే కదా.

వేకువపిట్ట | మంగళవారం, రాత్రి 9:15

నిజమే, కానీ అక్కడ మాట మీ చేతుల్లోనే ఆగిపోయింది. ఆయన తన వేడి గురించి చెప్పుకోబోయారు, మీరు దానికంటే పెద్ద వేడి చూపించారు. ఇక ఆయన చెప్పడానికి ఏముంది?

పైగా 28 అక్కడ చిన్న విషయం కాదు. బ్రిటన్ వాతావరణ శాఖ మెట్ ఆఫీస్ లెక్కలో, ప్రాంతాన్నిబట్టి 25 నుంచి 28 డిగ్రీలు వరుసగా మూడు రోజులు దాటితేనే హీట్‌వేవ్. అక్కడి ఇళ్ళు ఎక్కువగా వేడిని లోపల నిలుపుకునేలా కట్టినవి, ఏసీలు తక్కువ ఇళ్ళలోనే ఉంటాయి. 2022 జూలై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైతే అది దేశ చరిత్రలోనే రికార్డు. అంకె ఒకటే అయినా మనిషి ఎక్కడ ఉన్నాడన్నదాన్నిబట్టి దాని అర్థం మారిపోతుంది.

"ఓ, దట్ మస్ట్ బి హార్డ్ వితౌట్ ఏసీ. డస్ ది హౌస్ కూల్ డౌన్ అట్ నైట్?" అని అడిగి ఉంటే ఆయన ఇల్లంతా చెప్పేవారు. మీ 42 గురించి చెప్పొద్దని కాదు, ఆయన అడిగాక చెప్పండి. తప్పకుండా అడుగుతారు.

సూటిదారి | మంగళవారం, రాత్రి 9:50

ఇది నాకు కొత్త విషయం. నేను ఎప్పుడూ "దిస్ ఈజ్ నథింగ్" అనే మొదలుపెడతాను. అది గొప్పలు చెప్పినట్టు వినపడుతుందని అనుకోలేదు.

మరి ఆయన అన్నదానితో నిజంగానే నేను ఏకీభవించకపోతే? వాళ్ళకి చలి, నాకు హాయిగా ఉంది. అబద్ధం చెప్పలేను కదా.

పాతఓడ | మంగళవారం, రాత్రి 10:10

అబద్ధం అక్కర్లేదు. "నో, ఇట్స్ నాట్ కోల్డ్" అని కొట్టిపారేయకుండా, "ఈజ్ ఇట్? ఐ యాక్చువల్లీ క్వైట్ లైక్ ఇట్ లైక్ దిస్" అనండి. వాతావరణం గురించి వాదించకుండా మీ ఇష్టం చెప్పారు, అంతే. అందులో ఎవరి మాటా తప్పు కాదు.

గాలివాటు | బుధవారం, ఉదయం 7:44

అమెరికా వాళ్ళతో మాట్లాడేవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి ఒక మాట. వాళ్ళు "ఇట్స్ ఇన్ ది ఎయిటీస్" అంటే భయపడకండి, అది ఫారెన్‌హీట్. కాగితం కలం లేకుండా లెక్క వేయాలంటే 30 తీసేసి సగం చేయండి. 80లోంచి 30 తీస్తే 50, సగం 25. అసలు విలువ 26.7, కబుర్లకి అంత దగ్గరగా ఉంటే చాలు. గుర్తుండిపోవాలంటే 50 అంటే 10, 68 అంటే 20, 86 అంటే 30, 104 అంటే 40. నీళ్ళు గడ్డకట్టేది 32 దగ్గర. మైనస్ 40 దగ్గర రెండు కొలతలూ కలిసిపోతాయి, అక్కడ ఏ కొలతలో చెప్పినా ఒకటే.

వాళ్ళు "40 పర్సెంట్ చాన్స్ ఆఫ్ రెయిన్" అంటే రోజులో 40 శాతం సేపు వాన పడుతుందని కాదు. ఆ ప్రాంతంలో మీరు నిలబడ్డ చోట కొలిచేంత వాన పడే అవకాశం నూటికి నలభై అని.

రేపటి గురించి మాట్లాడేటప్పుడు "ఇట్ విల్ రెయిన్ టుమారో" అని తేల్చి చెప్పడం కంటే "ఇట్స్ సపోజ్డ్ టు రెయిన్ టుమారో" అంటే సహజంగా ఉంటుంది. మబ్బు చూసి చెబుతుంటే "లుక్స్ లైక్ రెయిన్". ఫోర్‌కాస్ట్ అనే మాటని వాతావరణానికి వాడుకలోకి తెచ్చిన రాబర్ట్ ఫిట్జ్‌రాయ్, మెట్ ఆఫీస్‌ని మొదలుపెట్టినాయన, జోస్యం అనే అర్థం ఉన్న మాటలు కావాలనే వద్దనుకున్నాడు. ఆయన తయారుచేసిన మొదటి ఫోర్‌కాస్ట్ 1861 ఆగస్టులో పేపర్లో వచ్చింది. సపోజ్డ్ టు అన్నప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది, చెప్పేది అంచనా మాత్రమేనన్న వినయం ఉంది అందులో.

చిరుజల్లు | బుధవారం, ఉదయం 9:05

స్కూల్లో జోరువానకి "రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" అని బట్టీ పట్టించారు. నేను పనిచేసిన ఆరేళ్ళలో దాన్ని ఎవరైనా మామూలుగా అనగా ఒక్కసారి కూడా వినలేదు. వినేది "ఇట్స్ పోరింగ్". బ్రిటన్ వాళ్ళయితే "చకింగ్ ఇట్ డౌన్", "బకెటింగ్ డౌన్" అంటారు. ఒకటీ అరా చినుకులు పడుతుంటే "స్పిటింగ్". కాసేపు పడి వెలిసేది "షవర్". ఇవి చాలు.

పలకడం గురించి కూడా ఒక మాట. వెదర్, వెట్, విండ్ అన్నిట్లోనూ మొదట పెదవులు గుండ్రంగా చుట్టాలి, ఈల వేయబోతున్నట్టు. పళ్ళు కింది పెదవికి తగిలితే "వెట్" కాస్తా పశువుల డాక్టర్ అయిపోతాడు. వార్మ్‌కి స్టార్మ్‌తో ప్రాస కుదరాలి, చార్మ్‌తో కాదు. అద్దం ముందు నాలుగు రోజులు అంటే వచ్చేస్తుంది.

సాయంవేళ | బుధవారం, రాత్రి 8:12

ఒక్కటి మర్చిపోకండి. వాళ్ళ ప్రాంతంలో తుఫానో వరదో వచ్చిందని వార్తల్లో చూస్తే, అది ఇక పిచ్చాపాటీ కాదు. అప్పుడు "హౌ ఈజ్ ది వెదర్?" అని తేలిగ్గా మొదలుపెట్టకూడదు. "ఐ సా ది న్యూస్ అబౌట్ ది ఫ్లడ్స్. ఆర్ యూ అండ్ యువర్ ఫ్యామిలీ ఆల్‌రైట్?" అని నేరుగా అడగాలి, జవాబు పూర్తయ్యేదాకా వినాలి. నాకు అలా ఒకరు అడిగారు. నీళ్ళు మా మెట్ల దాకా వచ్చిన రోజుల్లో, కాల్ మొదలవగానే, ఎజెండా తెరవకముందే. ఆ మనిషితో నాకు ఇప్పటికీ స్నేహం ఉంది.

తొలిచినుకు | తర్వాతి మంగళవారం, రాత్రి 9:30

అందరికీ చాలా థాంక్స్. ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆయన రాగానే ఈసారి నేనే మొదలుపెట్టాను. "మార్నింగ్! డిడ్ ఇట్ కూల్ డౌన్ ఆఫ్టర్ ఫ్రైడే?" అన్నాను. పోయిన వారం మాట గుర్తుపెట్టుకున్నానని ఆయన ముఖంలో కనిపించింది. "నాట్ ఎ డ్రాప్ ఆఫ్ రెయిన్, మై బీన్స్ ఆర్ సఫరింగ్" అన్నారు. "యూ గ్రో బీన్స్?" అన్నాను. ఇక ఆయన ఆగలేదు. రిటైరయ్యాక ఏం చేయాలనుకుంటున్నారో, సాయంత్రాలు నీళ్ళు ఎలా మోస్తారో, వాన నీళ్ళు పట్టే పీపా ఎన్ని రోజుల్లో ఖాళీ అయిందో అన్నీ చెప్పారు. మిగతావాళ్ళు కాల్‌లో చేరి రెండు నిమిషాలైనా మేమిద్దరం గమనించలేదు. చివర్లో ఆయనే అడిగారు, "అండ్ హౌ డు యూ కోప్ విత్ 42?" అని. అప్పుడు చెప్పాను.

ఒక చిన్న సందేహం మిగిలింది. మాటల మధ్యలో "ఇట్ వాజ్ సచ్ ఎ మైల్డ్ వింటర్, దట్స్ ది ట్రబుల్" అన్నారు. మైల్డ్ అంటే మంచిదే కదా, ఇబ్బంది ఎందుకన్నారు?

నీటిగడియారం | తర్వాతి మంగళవారం, రాత్రి 9:52

మైల్డ్ అంటే ఉండాల్సినంత చలి లేకపోవడం. ఎక్కువగా చలికాలానికే వాడతారు. మనుషులకి హాయే కానీ, చలి గట్టిగా పడితే మొక్కల్ని తినే పురుగులు కొన్ని చస్తాయి. చలి లేకపోతే అవి బతికి వేసవిలో తోటమీద పడతాయి. ఆయన బాధ బహుశా అదే. వచ్చే వారం ఆయన్నే అడగండి, "వాజ్ ఇట్ ది బగ్స్?" అని.